సగంలో ఆగిన ఏడుపు

గుగులోత్ జమున మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆ జీతంతో ఇల్లు నడుపుకుంటూ, మిగిలిన వేళల్లో పీహెచ్‌డీ చేస్తోంది. దేని మీద అని ఎవరైనా అడిగితేనే చిక్కు. స్టాఫ్‌రూంలో కామర్స్ మాస్టారుకు ఒకసారి ఓపిగ్గా అరగంట చెప్పింది. ఆయన తలూపుతూ అంతా విని, “అంటే వాట్సాప్ లాంటిదన్నట్టు” అన్నాడు. ఇంటి ఓనరమ్మకు “రెండు ప్రోగ్రాంలు మాట్లాడుకునేటప్పుడు మధ్యల బిగుసుకపోకుండ చూసుడు ఆంటీ” అని చెబితే, “మా ఆయనకు నాకు కూడ గదేదో జర చూసి పెట్టరాదు” అంది. అప్పటినుంచి అడిగినవాళ్లందరికీ కంప్యూటర్ల మీద అని చెప్పి ఊరుకుంటోంది. కంప్యూటర్ టీచరు కంప్యూటర్ల మీద కాక టమాటల మీద చేస్తుందా అని ఎవరూ ఎదురు అడగలేదు కాబట్టి సరిపోతోంది.

నిజానికి అది అంత బ్రహ్మవిద్య ఏమీ కాదు. దాని పుట్టుక జనగామలో ఒక నూనె దుకాణంలో ఉంది.

ఎంసీఏ అయ్యాక జమున మొదట పనిచేసింది అక్కడే. దయాకర్ అని నూనెలు, పప్పులు హోల్‌సేల్‌గా అమ్మే సేటు. బజారులో దుకాణం, ఊరి బయట గోదాం. రెండుచోట్లా కంప్యూటర్లు పెట్టించి, వాటిని చూసుకోవడానికి జమునను పెట్టుకున్నాడు. దుకాణంలోని ప్రోగ్రాంకూ గోదాంలోని ప్రోగ్రాంకూ మధ్య రెండు దారులుండేవి. ఒక దారిలో ఆర్డరు పోవాలి. ఇంకో దారిలో బండి సిద్ధమైందన్న కబురు రావాలి. బండి కబురు వస్తే ఆర్డరు పంపుదామని దుకాణం ప్రోగ్రాం ఎదురుచూసేది. ఆర్డరు వస్తే బండి సిద్ధం చేద్దామని గోదాం ప్రోగ్రాం ఎదురుచూసేది. గోదాం ముందు ఎప్పుడూ ఒక బండి ఖాళీగా నిలబడి ఉన్నన్నాళ్లూ ఈ గుట్టు బయటపడలేదు. దసరా ముందు బండ్లన్నీ బయటికి పోయిన రోజున రెండూ గమ్మున కూర్చున్నాయి. విడివిడిగా చూస్తే రెంటిలో దేనికీ వంక పెట్టలేం. రెండూ మర్యాదస్తులే. ఎదుటివాళ్లు మాట్లాడాక మాట్లాడదామనుకున్నాయి, అంతే.

“ఏందమ్మా జమునా, గిది మా బామ్మర్ది లెక్క జేస్తున్నది?” అన్నాడు దయాకర్ తెరను చూస్తూ. “పిలిస్తె వస్త అంటడు ఆయన. ఒక్కసారి రానీ, అప్పుడు పిలుస్త అంట నేను. ఎన్నేండ్లాయెనో, మా గడప తొక్కలే.”

కౌంటర్ దగ్గరున్న ఆయన భార్య సరస్వతి, “మన ఇంటి రోగం కంప్యూటర్‌కు గూడ అంటిచ్చినవా” అని నవ్వింది.

జమున రెండు కంప్యూటర్లనూ ఆపి మళ్లీ పెట్టింది. పని జరిగింది. లోకంలో సగం కంప్యూటర్లు ఈ వైద్యంతోనే బతుకుతున్నాయి. కానీ జమునకు మనసొప్పలేదు. స్పృహ తప్పినవాడి ముఖాన నీళ్లు కొడితే లేస్తాడు గానీ రోగం పోదు. మళ్లీ పడిపోతాడని తెలుసు. పడిపోయాడు కూడా. అసలు ఇలా పడిపోవడానికి వీల్లేకుండానే రాయలేమా అని ఆమె అడిగిన ప్రశ్నకు జనగామలో ఎవరూ జవాబు చెప్పలేదు. హనుమకొండలో దొరికింది.

అక్కడి యూనివర్సిటీలో అరుంధతి అనే ప్రొఫెసర్ ఉంది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ టీ తాగుతుంది. జమున నూనె దుకాణం కథంతా చెబితే, గ్లాసు కింద పెట్టి, బల్ల సొరుగులోంచి ఒక అగ్గిపెట్టె తీసింది.

“స్కూళ్ల చదువుకున్న తర్కంల ఒక నిజం తెలిస్తే దాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు” అంది. “ఇంకో తర్కం ఉన్నది. దాంట్ల ప్రతి మాటా ఒక అగ్గిపుల్ల. ఒక్కసారే గియ్యాలె. రెండోసారి గీస్తనంటే వెలగదు. గియ్యకుండ పారేస్తనంటే ఒప్పుకోదు. నీ నూనె దుకాణానికి ఆ తర్కం కావాలె.”

ఆ తర్కాన్ని ప్రోగ్రాంల మాటలకు పెట్టి చూస్తే జరిగే తమాషాకు జమున కొన్నాళ్లు అన్నం కూడా మరిచిపోయింది. రెండు ప్రోగ్రాంల మధ్య దారి వేసేముందే ఆ దారికి ఒక ఒప్పందం రాస్తారు. మొదట ఏది పోవాలి, తర్వాత ఏది రావాలి, ఎక్కడ ముగియాలి అని. ఒక కొసన ‘ఇవ్వాలి’ అని ఉంటే రెండో కొసన ‘తీసుకోవాలి’ అని ఉండి తీరాలి. రెండు కొసల్లోనూ ‘ఎదురుచూడాలి’ అని రాసి ఉంటే ఆ దారి వెయ్యనే వెయ్యనివ్వరు. మాటలు జరిగినకొద్దీ ఒప్పందం తరుగుతూ పోయి చివరికి పూర్తవుతుంది. మధ్యలో వదిలేసి లేచిపోవడానికి లేదు. ఒకే కొసను ఇద్దరు పట్టుకోవడానికి లేదు. ఇద్దరిని కలపాలంటే ఒకే దారితో కలపాలి, దయాకర్ దుకాణంలోలాగా రెండు వేస్తే చుట్టు తిరిగి ముడిపడుతుంది. ఇందులో అసలు అందం ఏమిటంటే, ఈ ఒప్పందాలనే తర్కంలో వాక్యాలుగా చదవొచ్చు, ప్రోగ్రాంలనే ఆ వాక్యాలకు రుజువులుగా చదవొచ్చు. రుజువు సరిపోయిందంటే ఆ సంభాషణ ఎక్కడా బిగుసుకుపోదు. ఆ సంగతి ప్రోగ్రాంను నడపకముందే తెలిసిపోతుంది. ఆపి మళ్లీ పెట్టే వైద్యంతో పనే లేదు.

ఈ తర్కంలో అన్నిటికన్నా చిన్న సూత్రం ఒకటుంది. ఇటువైపు దారిని అటువైపు దారితో కలిపి, కలిపినవాడు పక్కకు తప్పుకోవడం. వచ్చిన మాటను వాడు మార్చడు, దాచుకోడు, దానికి బెల్లం కలపడు. జమున థీసిస్ ఈ చిన్న సూత్రం మీదే. ఇద్దరి మధ్య ఇలా కలిపేవాళ్లు ఎంతమంది ఉన్నా సరే, వాళ్లందరినీ తీసేసినా ఆ ఇద్దరి సంభాషణలో తేడా రాదని ఒక రకం ప్రోగ్రాంలకు రుజువు చేసింది. చూడబోతే ఇంతేనా అనిపిస్తుంది. రాయడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది. అరుంధతి అంతా చదివి, ఒక టీ తాగి, “బాగుంది” అంది. ఆమె నోట ఆ మాట విన్నవాళ్లు ఆ డిపార్ట్‌మెంట్‌లో తక్కువ.

ఇంత రుజువు చేసిన మనిషి తన ఇంట్లో చేసిన నిర్వాకం ఏమిటో ఇక చెప్పాలి.

జమున తల్లి జమ్లీ. వాళ్ల లంబాడీ భాషలో తల్లిని యాడి అంటారు. ఆమె చెల్లెలు కమ్లీ. జమ్లీ కొత్తగూడ దగ్గర అడవి పక్క తండాలోనే పోడు చేసుకుంటూ, ఇప్పపువ్వు ఏరుకుంటూ బతికింది. కమ్లీని బీక్యాకు ఇచ్చారు. బీక్యా భూపాలపల్లి బొగ్గుబావిలో కార్మికుడు కాబట్టి ఆమె కాపురమంతా అక్కడి క్వార్టర్‌లో గడిచింది. వీళ్లిద్దరికీ ఒక్కడే అన్న, చత్రు. కొత్తగూడ వైపే ఇంకో తండాలో ఉండేవాడు. తల్లీతండ్రీ పోయాక ఆడపడుచులిద్దరినీ పండక్కి పిలిచి, చీర పెట్టి, కడుపునిండా తిండిపెట్టి పంపింది ఆయనే.

ఆ తండాల్లో ఒక పద్ధతి ఉంది. చాలాకాలానికి కలుసుకున్న ఆడవాళ్లు ముందు నవ్వరు, ఏడుస్తారు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి, రాగం తీసి, మాటలు కట్టి మరీ ఏడుస్తారు. దానికీ ఒక వరస ఉంది. వచ్చినామె మొదలుపెడుతుంది. పోయినవాళ్లను తలుచుకుని, తన కష్టం చెప్పుకుని, చివర ఒక మాట అడుగుతుంది. ఇంటామె ఆ మాటకు రాగంలోనే బదులిస్తుంది. తర్వాత కొంగుతో ఆమె ముఖం తుడిచి, చెంబుతో నీళ్లిస్తుంది. నీళ్లు తాగితే అయిపోయినట్టు. బాగున్నావా, పంటలెలా ఉన్నాయి, కోడలు కుదురుగా ఉందా, ఇవన్నీ ఆ నీళ్ల తర్వాతే. వరస తెలియని కొత్తకోడళ్లు ముఖమంతా నవ్వు చేసుకుని ఎదురొచ్చి ముసలివాళ్లతో చీవాట్లు తినడం అక్కడ మామూలే.

చత్రు పోయినప్పుడు వానాకాలం. దినాలనాటికి కమ్లీ పొద్దున్నే భూపాలపల్లి వాళ్లతో కలిసి జీపులో వచ్చింది. జమ్లీ తన తండా నుంచి వాగులూ వంకలూ తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. రాగానే చెల్లెలి భుజం మీద పడింది. అన్నను తలిచింది. ఆయన పెట్టిన చీరలను తలిచింది. చివర ఒక మాట అడిగింది.

“అన్న పోయిండు చెల్లే, ఇగ నన్ను పిలిచే పుట్టినిల్లేది?”

సరిగ్గా అప్పుడు జీపు హారన్ కొట్టింది. వాగు పొంగుతోంది, ఇప్పుడు దాటకపోతే రేపటిదాకా దాటలేం అని డ్రైవర్ అరుపు. బీక్యాకూ, జీపులో ఉన్న తతిమ్మా వాళ్లకూ పొద్దున్నే షిఫ్టు. ఎవరో కమ్లీ చెయ్యి పట్టుకుని లాగారు. జీపు కదిలిపోయింది. జమ్లీ రెండు చేతులూ అలాగే చాపి వాకిట్లో నిలబడిపోయింది. తప్పంతా వాగుది. కానీ వాగును ఎవరు నిలదీస్తారు?

ఆ రోజునుంచి అక్కాచెల్లెళ్ల మధ్య మాట లేదు. ఇద్దరి దగ్గరా సెల్‌ఫోన్లున్నాయి, కానీ ఏడుపు పూర్తికాకుండా ఫోన్‌లో బాగున్నావా అని ఎలా అంటారు? జమ్లీ భూపాలపల్లి పోలేదు. “నేను అడిగిన. అది బదులియ్యలే. మల్ల నేనే పోయి ఏడ్వాల్నా?” అనేది. కమ్లీ తండాకు రాలేదు. “వచ్చినామెనే మొదలువెట్టాలె. అక్క వస్తె నేను బదులియ్యనా?” అనేది. ఇవన్నీ వాళ్లు తమ ఇంటిభాషలో అనే మాటలు, మనం ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం. ఒకరితో ఒకరు అనుకున్నవి కావు. అన్నీ జమునతో అన్నవే.

జమున మధ్యలో తిరిగే కబురు. తల్లి ఇటు నుంచి, “నా ఏడుపు ఇంక దాని భుజం మీదనే ఉన్నదని చెప్పు” అనేది. అంత బరువు మాట ఫోన్‌లో ఎలా చెప్పడమని జమున, “యాడి నవ్వుకుంట నిన్నే అడిగింది చిన్నమ్మా” అని చెప్పేది. పిన్ని అటు నుంచి, “అన్న పేరెత్తితె నాకు ఊపిరాడదు, అందుకే గా ఊరి మొకం చూస్తలేను, అక్కకు చెప్పు” అనేది. తల్లి బాధపడుతుందని జమున, “చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులంట యాడీ, బస్సు ఎక్కలేదట” అని చెప్పేది. ఏళ్లకేళ్లు ఇదే. ఒక్క మాటా చేరినట్టు చేరలేదు. పైగా తను ఇద్దరి మధ్యా బంధం తెగకుండా కాపాడుతున్నానని ఆమెకు లోలోపల గర్వం. మనసు మంచిదే. మంచి మనసుతో చేసిన పనికి అడ్డుచెప్పేవాళ్లుండరు, అదే దాంతో వచ్చే చిక్కు.

ఈమధ్య బీక్యా రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. కొడుకు దినేశ్‌కు చంద్రాపూర్ అవతల ఒక గనిలో ఉద్యోగం, అక్కడికే పోయి ఉండాలని నిర్ణయమైంది. వచ్చే ఆదివారం సామాను లారీకెక్కిస్తారని కమ్లీ ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, “అక్క రాదా?” అని అడిగింది.

“వస్తదేమో చిన్నమ్మా, చూస్త అన్నది” అని జమున అబద్ధం చెప్పింది.

తల్లికి చెబితే, “పోనియ్యి” అంది జమ్లీ. ఆ ఒక్క ముక్కే అని ఫోన్ పెట్టేసింది. అరవైకి అటూఇటూగా ఉన్న ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు అడవి పక్క తండాలో, ఒకరు భాష తెలియని ఊళ్లో. ఈ ఆదివారం దాటితే మళ్లీ కలుస్తారన్న నమ్మకం లేదు. ఆ అడిగిన మాట అలాగే గాల్లో ఉండిపోతుంది. జమునకు ఆ వారమంతా ఏ పని మీదా మనసు నిలవలేదు.

గురువారం క్లాసులో పాఠం ఆ ఒప్పందాల గురించే. బోర్డు మీద రెండు గళ్లు గీసి, మధ్యలో గీత గీసి, ఇది ఇస్తుంది, అది తీసుకుంటుంది, తర్వాత అది ఇస్తుంది, ఇది తీసుకుంటుంది అని చెబుతోంది. మొదటి వరసలో కూర్చునే కీర్తి చెయ్యెత్తింది. ఆ అమ్మాయి ప్రశ్న అడగనిదే గంట కొట్టరు.

“మేడం, ఒకటి ఇచ్చినంక మధ్యల ఆగిపోయిందనుకోండి. మల్ల ఎవరు మొదలువెట్టాలె?”

“ఎవ్వరూ మొదలుపెట్టేది లేదమ్మా” అంది జమున, బోర్డు వైపు తిరిగే. “మొదలు ఎప్పుడో అయిపోయింది. మొదటి మాట ఖర్చయింది. ఇప్పుడు ఒప్పందంలో మిగిలింది అవతలివాళ్ల జవాబు ఒక్కటే. అది ఇస్తే…”

చాక్‌పీసు అక్కడే ఆగింది. పిల్లలు మేడం ఏదో మరిచిపోయిందనుకున్నారు. మరిచిపోలేదు. గుర్తొచ్చింది. ఎవరు మొదలుపెట్టాలి అని అక్కాచెల్లెళ్లు ఇన్నేళ్లుగా పడుతున్న పంతం అసలు ఉండాల్సిందే కాదు. జమ్లీ మొదలుపెట్టేసింది, అడిగేసింది. మిగిలింది కమ్లీ చెప్పాల్సిన బదులు. కానీ అక్క ఇంకా ఆ బదులు కోసమే ఎదురుచూస్తోందని కమ్లీకి ఎలా తెలుస్తుంది, మధ్యలో ఉన్నది జమున అయితే? నవ్వుతూ అడిగిందట అంటే, మరిచిపోయింది కాబోలు అనుకోదూ?

కలిపి తప్పుకునేవాళ్ల మీద నాలుగేళ్లు రుజువులు రాసి, ఇంట్లో తను కలపనూ లేదు, తప్పుకోనూ లేదు. జమునకు సిగ్గేసింది. అంతలోనే నవ్వూ వచ్చింది. “ఇవాళ్టికి చాలు” అని క్లాసు వదిలేసింది. కీర్తి తన ప్రశ్నకు జవాబు సగమే వచ్చిందని గొణుక్కుంటూ పోయింది.

కాలేజీ గేటు దగ్గర వేపచెట్టు నీడలో నిలబడి జమున పిన్నికి ఫోన్ చేసింది.

“చిన్నమ్మా, యాడి నీకు చెప్పమన్న మాట ఒకటున్నది. ఎన్నో ఏండ్ల కిందటనే చెప్పమన్నది. నేను చెప్పలే. ‘నా ఏడుపు ఇంక దాని భుజం మీదనే ఉన్నది’ అన్నది. గంతే.”

జమునకు నోటి దాకా ఎన్నో మాటలు వచ్చాయి. మొదలు అయిపోయింది చిన్నమ్మా, ఇక నీ వంతే, నువ్వు పెద్దమనసు చేసుకోవాలి అని అంతా విడమరిచి చెప్పాలనిపించింది. పంటి బిగువున ఆపుకుంది. పాఠాలు చెప్పే మనిషికి అది చిన్న కష్టం కాదు.

“గట్లన్నదా?” అంది చివరికి కమ్లీ. “నువ్వేమో నవ్వుకుంట అడిగిందంటివి గదనే. మర్సిపోయింది గావచ్చు అనుకున్న. మర్సిపోయినామె ముంగట నేను పోయి ఏడిస్తె నన్నేమనుకుంటది?” తనే మళ్లీ అంది. “దాన్ని తోల్కరా.”

శనివారం జమున తండాకు పోయింది. జమ్లీ వాకిట్లో కూర్చుని చేటతో వడ్లు చెరుగుతోంది.

“యాడీ, చిన్నమ్మ నీకు చెప్పమన్నది నేను దాచిపెట్టిన. ‘అన్న పేరెత్తితె నాకు ఊపిరాడదు, అందుకే గా ఊరి మొకం చూస్తలేను’ అన్నది.”

చేట ఆగింది. “మోకాళ్ల నొప్పులంటివి?”

“గది నేను కలిపిన.”

“దాని మోకాళ్లకు ఏం కాలేదా?”

“ఏం కాలేదు. బాగనే ఉన్నయ్.”

“గంత పెద్ద సదువు సదివి నేర్సింది గిదేనానే నువ్వు?” అంది జమ్లీ. జమున తలొంచుకుంది. తిట్లు ఇంకా వస్తాయనుకుంది. రాలేదు. జమ్లీ చేటను గోడకు ఆనించి, కొంగుతో కళ్లొత్తుకుంది. “ఊపిరాడదా దానికి? నేను, దానికి అన్న యాదికే లేడనుకుంటి.”

“ఇంకోటన్నది. ‘దాన్ని తోల్కరా’ అన్నది.”

జమ్లీ లేచి లోపలికి పోయింది. కాసేపటికి పెట్టె మూత తీసిన చప్పుడైంది. చత్రు పెట్టిన ఆఖరి చీర పెట్టె అడుగున ఉంటుందని జమునకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. నర్సంపేటలో బస్సు మారారు. కండక్టర్‌కు జమ్లీ తన ఆధార్ కార్డును గర్వంగా చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుంది. ములుగు దాటారు, ఘనపూర్ దాటారు. కిటికీలోంచి పత్తిచేలు పోతున్నాయి. జమ్లీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బడికి మొదటిరోజు పోయే పిల్లలా బిగదీసుకుని కూర్చుంది. జమున మాత్రం తన థీసిస్‌నే తలుచుకుంటోంది. రుజువులైతే కాగితం మీద ముందే సరిచూసుకోవచ్చు. దీన్ని ఎక్కడ సరిచూస్తారు?

క్వార్టర్ ముందు లారీ ఆగి ఉంది. బీక్యా మంచపు కోళ్లకు తాడు కడుతున్నాడు. వదినను చూడగానే ముఖం విప్పార్చుకుని, “వదినా, బా…” అని ఏదో మర్యాదగా అనబోయాడు. జమున ఒక్క అంగలో పోయి, “చిన్నాయినా, గీ తాడు నేను పట్టుకుంట రా” అని ఆయన్ను లారీ చాటుకు లాక్కుపోయింది. ఆయన పాపం తెల్లబోయాడు.

కమ్లీ గడపలోకి వచ్చి నిలబడింది. జమ్లీ మెట్టు కింద నిలబడింది. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. అది ఇద్దరికీ ఒకేసారి కనబడింది. ఒకరు వంగారు, ఒకరికి పళ్లూడాయి. ఇంట్లోంచి వచ్చినామెకూ, బయటినుంచి వచ్చినామెకూ మధ్య ఒక్క మెట్టే. ఎవరూ కదల్లేదు. జమునకు పోయి తల్లిని కొంచెం ముందుకు తోద్దామా అనిపించింది. పిన్నితో ఒక్క మాట అందామా అనిపించింది. తాడును గట్టిగా పట్టుకుంది.

కమ్లీ మెట్టు దిగింది. అక్క భుజం మీద తల ఆనించింది. వచ్చినామె మొదలుపెట్టాలన్న వరస పక్కనపెట్టి, ఆనాడు వాకిట్లో ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడ్నుంచే రాగం అందుకుంది.

“నేనున్న గదనే అక్కా, నిన్ను పిలిచే పుట్టినిల్లు నేనున్న గదనే… వాగు గుంజుకపోయింది నన్ను, జీపు గుంజుకపోయింది, నీ మాట నా మీదనే ఉండిపాయె… గీ ఇల్లు గాకపోతె ఇంకో ఇల్లు, నేనేడుంటే గాడ నీ పుట్టినిల్లున్నది అక్కా… అన్న లేడు, నేను పిలుస్త… నువ్వు రావాలె…”

జమ్లీ రెండు చేతులూ మళ్లీ చాపింది. ఈసారి ఆ చేతుల్లో మనిషి ఉంది. పెద్దగా ఏడ్చింది. చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్లు బయటికొచ్చి చూశారు. ఆ వరస తెలిసినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తెలియనివాళ్లు ఏమైందో ఏమోనని పరేషానయ్యారు. బీక్యా తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, చెమటకని అందరూ అనుకునేలా.

కమ్లీ కొంగుతో అక్క ముఖం తుడిచింది. లోపలికి పోతే చెంబులన్నీ మూటల్లో ఉన్నాయి. ఒక మూట విప్పి, అందులోంచి ఇత్తడి చెంబు తీసి, కుండలో అడుగున మిగిలిన నీళ్లు ముంచి తెచ్చింది. జమ్లీ గడగడా తాగింది. తాగి, చెంబు చేతికిచ్చి, చెల్లెలిని పైనుంచి కిందిదాకా చూసింది.

“గింత చిక్కిపోయినవేందే? మీ ఆయన తిండి వెడ్తలేడా?”

ఇక మొదలు. మోకాళ్లు, కోడలు, చంద్రాపూర్ ఎండలు, పోడు భూమి పట్టా, చత్రు మనవరాలి పెళ్లి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒకరు అడిగేది పూర్తికాకముందే ఇంకొకరు జవాబు చెబుతున్నారు, మధ్యలో మళ్లీ ప్రశ్న వేస్తున్నారు. ఏ తర్కానికీ, ఏ ఒప్పందానికీ లొంగని ఆ గోలను జమున లారీ పక్కన బియ్యం బస్తా మీద కూర్చుని వింది. వచ్చే నెలలో థీసిస్ వైవా ఉంది. అది ఎలా జరుగుతుందోనన్న బెంగ ఆ పూట ఆమెకు రవ్వంత కూడా లేదు. ఒళ్లంతా తేలికైంది. ఇక ఆమె ఇటునుంచి అటు మోయాల్సిన మాట ఒక్కటి కూడా లేదు.

లారీ డ్రైవర్ తొందరపెట్టాడు. బీక్యా అతన్ని, “జర ఆగవయ్యా, ఈ ఊళ్లె ఏ వాగూ పొంగుతలేదు” అని కసిరాడు.

చాలాసేపటికి కమ్లీ చెంబు మళ్లీ మూటలో కట్టి, ఆ మూట లారీకెక్కించడానికి బయటికొచ్చి, బస్తా మీద కూర్చున్న జమునను చూసి ఆశ్చర్యపోయింది.

“నువ్వెప్పుడొచ్చినవే బిడ్డా?”

జమున నవ్వింది.

“ఇప్పుడే చిన్నమ్మా” అంది.